అత్త చూసిన బంగారు బల్లి

మా అత్త నెత్తిన బల్లి పడింది. బల్లికేం కాలేదు. అది గోడెక్కి ట్యూబులైటు వెనక్కి చేరి, ఏమీ జరగనట్టు పురుగుల్ని తింటూ కూర్చుంది. తిండి మానేసింది మా అత్తే.

అత్తంటే ఉత్త అత్త కాదు. మా నాయనకు చెల్లెలు, ఆపైన నాకు పిల్లనిచ్చింది. మేనత్తగా నేను పుట్టినప్పటి నుంచీ తిడుతోంది, పిల్లనిచ్చిన అత్తగా పెళ్ళయినప్పటి నుంచీ తిడుతోంది. రెండు ఉద్యోగాలూ ఒక్కతే చేస్తుంది, సెలవు పెట్టదు. నేనూ తక్కువవాణ్ని కాదు. ఎనిమిదిలో బడి మానేసి, బోరు మోటార్లు ఎత్తి దించే పనిలో పడ్డవాణ్ని. నాకున్న ఆస్తల్లా నోరు. "బడిని నువ్వు మానలేదు రా, నీ నోటికి బడే నిన్ను మానుకునింది" అంటుంది అత్త.

ఆమె ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. పుత్తూరు దగ్గర వాళ్ళ పల్లెలో చెరకు కొడుతుంటే ఆకు కంట్లో కోసుకుంది. వాళ్ళూ వీళ్ళూ చెప్పిన పసర్లన్నీ పోసుకుని, చివరికెప్పుడో ఆపరేషన్ చేయించుకుంది. కట్టు విప్పాక ఆ కంట్లో చూపు లేదు. ఇప్పుడు మిగిలిన కుడి కంట్లో పొర ముదిరింది. తిరుపతిలో డాక్టరమ్మ చూసి, "ఇంకా నానబెడితే ఆపరేషనే కష్టమవుతుంది, సోమవారం వచ్చి చేరండి. వచ్చేదీ రానిదీ శనివారం సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పండి" అంది. అత్త సరేనంది. సరేనని ఇంటికొచ్చాక బల్లి పడింది.

పంచాంగం చివర్లో బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో రాసి ఉంటుంది. నెత్తిన పడితే ఏమవుతుందో చదివి వినిపించిన పుణ్యం పక్కింటావిడ కట్టుకుంది. అప్పటి నుంచి అత్తది ఒకటే పాట. కంచికి పోయి, గుడిలో బంగారు బల్లిని ముట్టుకుంటేగానీ కత్తి కిందికి తల పెట్టనని.

కంచి మాకేం దూరం కాదు. పొద్దున బస్సెక్కితే పొద్దు గూకేలోగా తిరిగి రావచ్చు. కానీ ఆ వారమే మామ దాయాదుల్లో ఒక ముసలాయన పోయాడు. మా మామ పోయి ఏళ్ళయినా ఆయన దాయాదుల మైల మాత్రం అత్తకు తప్పదు. మైల తీరేదాకా గుడి గడప తొక్కకూడదు. తీరేది సోమవారం దాటాక.

కంచి బల్లిని ముట్టుకున్నవాళ్ళను ముట్టుకున్నా దోషం పోతుందని ఒక నమ్మకం ఉంది. దారి దొరికింది కదా అని ఊళ్ళో అలాంటి ఆడవాళ్ళను ఇద్దరిని పిలుచుకొచ్చాం. అత్త ఇద్దరి చేతులూ తడిమి పెదవి విరిచింది.

"వీళ్ళు కంచికి పోయి ఎన్నేండ్లయిందో. ఆ ముట్టింది ఇంకా ఉంటాదా?"

"రీఛార్జా అత్తా, అయిపోయేదానికి?" అన్నాను.

"గమ్మునుండు రా. కన్ను నీది గాదు గదా."

నిజంగానే గమ్మున ఉండి ఉంటే ఈ కథ ఉండేది కాదు. "మైల గుడికే గదత్తా, అడవికి లేదు గదా. కంచిలో ఉండేది రేకు బల్లి. ఊపిరి పీల్సే బంగారు బల్లి మన శేషాచలం కొండల్లోనే ఉండాది. దాన్ని కండ్లారా సూస్తే, రేకును ముట్టినదానికన్నా ఎక్కువ" అనేశాను. కొండ కింద ఒక బోర్డు మీద దాని బొమ్మ చూశాను. అంతకు మించి దాని సంగతి నాకు తెలియదు. తెలియని సంగతి మాట్లాడటం నా అలవాటు, నేను మాట్లాడింది నమ్మకపోవడం అత్త అలవాటు. ఆ రోజు ఆమె అలవాటు తప్పింది.

"నిజంగానా?" అంది.

నా భార్య ఫోన్ తీసి వెతికింది. అడవి లోపలికి జీపులో తీసుకుపోయి, నడిపించి, పగలంతా చూపించి సాయంత్రానికి దింపే టూరు ఒకటి ఉంది. జీపుకు పట్టినంత మందే. శనివారానికి ఖాళీ ఉంది. అత్త లోపలికి పోయాక నా భార్య గొంతు తగ్గించింది.

"బావా, ఆ బల్లి కనపడకపోతే?"

"ఉడుమును జూపించి, బల్లికి పెదనాయన అంటాం."

ఆమె నవ్వలేదు. "మాయమ్మ ఒప్పుకుంటే ఇంగ ఈ బల్లితోనే ఒప్పుకోవాల. నీ నోరు నీ తావనే పెట్టుకో."

శనివారం పొద్దున తిరుపతిలో జీపెక్కాం. నడిపేదీ గైడే, చూపేదీ గైడే. జంతువుల గురించి డిగ్రీ చదివానని చెప్పుకున్నాడు. మెడలో దుర్భిణి, ప్యాంటుకు లెక్కలేనన్ని జేబులు. మాతోపాటు చిత్తూరులో బెల్లం మండీ నడిపే ఒకాయన, ఆయన భార్య. ఆమె తల నిండా కనకాంబరాలు. ఆయన ఎక్కేటప్పుడే జీపు ఒక పక్కకు ఒరిగింది.

"ఈ పక్క బరువు సాలదు గానీ, మీరు నడిమధ్యలో కూసోండప్పా" అన్నాను.

"కూసుంటా గానీ, నువ్వు మాటలు తగ్గిస్తే ఆ బరువు తగ్గుతాదబ్బా" అన్నాడు. మనిషి మంచివాడనిపించింది.

గైడు ముందే చెప్పాడు. "లోపల గట్టిగా మాట్లాడకూడదు. నవ్వకూడదు. ఫోన్లో పాటలు పెట్టకూడదు. మనం జంతువులను చూసే ముందే అవి మనల్ని వింటాయి."

అత్త నా వైపు తిరిగింది. "ఇనపడిందా? నిన్ను జూసే సెప్తా ఉండాడు."

చెక్‌పోస్టు దాటాక మట్టి దారి. మొదటి ఎత్తు రాగానే ఇంజను బిగబట్టి మూలిగింది. జీపు ముక్కు ఆకాశంలోకి లేచింది. అత్త చెయ్యి దానంతటదే పైకి పోయింది.

"ఏడుకొండలవాడా! వెంకటరమణా!"

"గోవిందా! గోవిందా!" అన్నాం అందరం.

ఎవరూ అనాలని అనలేదు. మా వైపు మనిషిని చక్రాల మీద కూర్చోబెట్టి ఎత్తు ఎక్కిస్తే వచ్చే శబ్దం అది. అందరికన్నా గట్టిగా అన్నది గైడే. అని నాలుక కరుచుకున్నాడు. పక్క పొదలోంచి నెమళ్ళు దడదడమని లేచి లోయలోకి దిగిపోయాయి.

"అవేనా సార్ ఈ పూటకు? ఇంగేమన్నా మిగిలుండాయా జూపించేదానికి?" అన్నాను.

"ఇంకోసారి అనకండి, దయచేసి" అన్నాడు గైడు.

"మేం అనము. మీరు అనకుండా సూసుకోండి."

జీపు దిగి నడక మొదలైనప్పుడు నేను గైడు పక్కన చేరి, బంగారు బల్లి ఎక్కడ కనపడుతుందని మెల్లగా అడిగాను. అతను నవ్వాడు.

"ఉండాదన్నా, ఈ కోనలోనే ఉండాది. గానీ అది మొబ్బులో తిరిగే జీవి. పగలు బండల సందుల్లో దాంకోనుంటాది. చూపిస్తానని మాట ఇయ్యలేను."

వెనక్కి తిరిగి చూశాను. అత్త వినలేదు. కూతురి భుజం పట్టుకుని జాగ్రత్తగా అడుగు తీసి అడుగు వేస్తోంది. బోరులో నీళ్ళున్నాయని రైతుకు నేనే చెప్పి, పైపులన్నీ దించి, మోటారు ఆన్ చేశాక గాలి తప్ప ఏమీ రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. అక్కడైతే రైతు తిట్టి ఊరుకుంటాడు. ఇక్కడ సాయంత్రంలోగా ఫోన్ చేయాలి.

అక్కడి నుంచి నేను ఒక చోట నిలబడలేదు. దారి పక్కన ప్రతి బండ దగ్గరా వంగాను. ప్రతి సందులోకీ తొంగి చూశాను. జెర్రి కనపడింది, తేలు కనపడింది, ఎవరో పారేసిన గుట్కా పొట్లం కనపడింది. పసుపుపచ్చగా ఉన్నదల్లా ఎండుటాకే.

"కాళ్ళకు సక్రాలు కట్టుకోని పుట్టినావా బావా? ఒక తావ నిలబడు" అంది నా భార్య.

"నిలబడితే బల్లే మన కాడికి వస్తాదా?"

గైడు మాత్రం తొందర లేని మనిషి. ఎర్రచందనం చెట్టు బెరడు మీద చెయ్యి వేసి అది ఎంత నిదానంగా పెరుగుతుందో చెప్పాడు. పైన కొమ్మల్లో పిల్లికన్నా పెద్ద ఉడుతను చూపించాడు. దాని తోక చెట్టుకు ఆరేసిన తువ్వాలలా వేలాడుతోంది. మండీ ఆయన ఆబగా చూసి, "ఇది మా మండీలోకొస్తే ఒక దిమ్మె బెల్లం నిలబడుకోనే తినేస్తాది" అన్నాడు. అత్త కూడా తల పైకెత్తింది.

"బాగుండాది" అంది.

ఎర్రచందనాన్నీ బాగుండాదంది. లోయ అంచున నిలబెట్టి అవతలి కొండను చూపితే, బాగుండాది. నీళ్ళలో చేపల్ని చూపితే, అదీ బాగుండాది. మా అత్త ఏ వస్తువునూ వంక పెట్టకుండా వదలదు. నా పెళ్ళిలో నన్నే బాగున్నానని అనలేదు. అడవి ఆమె మనసు మెత్తబరిచిందనుకున్నాను.

మధ్యాహ్నం దగ్గర పడింది. ఒక పెద్ద కొండచరియ కింద గైడు, మండీ దంపతులు, నా భార్య ముందుకు పోయి ఏదో పిట్ట గూడు చూస్తున్నారు. అత్తా నేనూ వెనకబడ్డాం. ఆమె కర్ర మీద బరువు వేసి ఊపిరి తీసుకుంటోంది. నాకు నిలబడితే కాళ్ళు గుంజుతున్నాయి, మాట్లాడకపోతే నోరు గుంజుతోంది. ఊరికే చెయ్యెత్తి ఎదురుగా ఉన్న నున్నటి బండను చూపించాను. దాని మీద బల్లి కాదు కదా, బల్లి నీడ కూడా లేదు.

"అదిగో అత్తా! బంగారు బల్లి!"

"యాడ రా, అబద్ధాలకోరా?" అని కర్రతో ఒకటి ఇస్తుందని, ఇద్దరం నవ్వుకుంటామని నా లెక్క.

అత్త కర్రను చంకలో పెట్టుకుంది. రెండు చేతులూ జోడించింది.

"ఆఁ, సూసినా నాయనా. ఎంత బాగుండాది! తళతళ మెరస్తా ఉండాది" అంది.

ఆమె దండం పెట్టింది నేను చూపిన బండకు కూడా కాదు. దానికి ఎడంగా ఉన్న ముళ్ళపొదకు.

నేను వేసిన జోకు తిరిగొచ్చి నన్నే అంత గట్టిగా కొట్టడం అదే మొదటిసారి. గత కొన్ని నెలలుగా ఆమె సంగటి ముద్దను వేళ్ళతో తడిమి వెతుక్కుంటుంటే, "ఏందత్తా, ముద్దకు జరమొచ్చిందేమో సూస్తా ఉండావా?" అన్నాను. గుమ్మంలోకి ఎవరొచ్చినా వాళ్ళు నోరు తెరిచేదాకా ఆమె పలకరించకపోతే, "ముసలిదానికి పొగరెక్కింది" అన్నాను. పొర ముదిరిందని డాక్టరమ్మ చెబితే మాకు అర్థమైంది ఒకటి, అత్త కంట్లో జరుగుతున్నది ఇంకొకటి. ఆ ఉడుతనూ ఆ కొండనూ ఆమె ఏదీ చూడలేదు.

ఈ లోపల ముందుకు పోయినవాళ్ళు వెనక్కొచ్చారు. "కనపడింది మే, బల్లి కనపడింది" అని అత్తే కూతురికి చెప్పింది. నా భార్య మొహం వెలిగిపోయింది. "నిజంగానా బావా?" అని నా చెయ్యి పట్టుకుంది. గైడు నా వైపు అనుమానంగా చూశాడు. నేను కాదనలేదు, అవుననలేదు, బూటు లేసు కట్టుకోవడానికి వంగాను. నేను వేసుకుంది చెప్పులు.

కాదంటే ఇంతమందిలో అత్త పరువు పోతుంది. అవునంటే మాత్రం ఏం లాభం? ఏమీ చూడలేదని ఆమెకే తెలుసు. ఆమె లెక్కలో దోషం ఉన్నచోటే ఉంది.

ఏటి పక్కన నీడలో భోజనాలకు కూర్చున్నాం. మేం తెచ్చింది చిత్రాన్నం, పెరుగన్నం. మండీ ఆయన భార్య మూటలు విప్పుతుంటే అడవిలో పెళ్ళి జరుగుతోందేమో అనిపించింది. మాటల్లో నా భార్య ఆమెకు బల్లి పడిన సంగతి, ఆపరేషన్ సంగతి చెప్పింది. ఆమె తింటున్నది ఆపేసింది.

"అయ్యో, పొద్దున్నే సెప్పకూడదామ్మా? మేము మొన్ననే కంచికి పోయొచ్చినాము. బంగారు బల్లినీ ముట్టినాను, ఎండి బల్లినీ ముట్టినాను. ఇదో, ఈ సెయ్యే."

"తాజాది" అన్నాడు మండీ ఆయన. "నేను సాక్షి. లైన్లో నా కాలు దొక్కి మరీ ముట్టింది."

ఆమె చేయి కడుక్కుని వచ్చి అత్త నెత్తి మీద పెట్టింది. అత్త కళ్ళు మూసుకుంది. నా భార్య ఇక ఆగలేకపోయింది.

"మా, నిజం బల్లిని సూసినావు. కంచిలో ముట్టిన సెయ్యీ నెత్తిన పడింది. ఇంగ సోమవారం పోదామా?"

"సూద్దాం" అంది అత్త.

"ఇంగా ఏంది మా సూసేది?"

"నా నెత్తిన బడింది మామూలు బల్లి గాదేమో మే. తోక తెగిన బల్లి. దానికి వేరే ఏమన్నా సెయ్యాలేమో, ఎవురినన్నా అడగాల."

నా భార్య లేచింది. ఖాళీ టిఫిన్ డబ్బాలన్నీ పోగేసుకుని ఏటి దగ్గరికి పోయి, బండకేసి రుద్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు గైడు ఒకసారి తలెత్తి చూసి, ఈమెకు మాత్రం చెప్పకపోవడమే మేలనుకుని, టార్చిలైటు తీసుకుని చరియల వైపు పోయాడు. మండీ దంపతులు చెట్టుకు ఆనుకుని కళ్ళు మూశారు. నేను జరిగి అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఇందాక నువ్వు సూసిన బల్లి ఎంతుండాది?"

"ఎంతుంటాది, బల్లంత."

"తల పైకుండాదా, కిందికుండాదా?"

ఆమె ఆకులో మిగిలిన మెతుకుల్ని తడిమి ఒక పక్కకు చేర్చింది.

"నాకు గనపళ్ళే రా" అంది.

"ఆడ ఏమీ లేదత్తా. ఊరికే అన్నాను."

దెబ్బకు వీలుగా వీపు అటు తిప్పి కూర్చున్నాను. దెబ్బ పడలేదు.

"ఏమీ లేదా?"

"లేదు."

"అయితే నా కన్ను బాగున్నట్టే గదరా. లేనిది లేనట్టే అగపడింది. ఇంగ ఆపరేషనెందుకు?"

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది. భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా, మా నాయన నవ్వినట్టే నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

"ఆ ఎడమ కన్ను ఉండాది సూడు, కత్తి పెట్టేదానికి ముందు దాంట్లో రవంత ఎలుతురు తెలిసేది రా. కట్టిప్పినాక అదీ లే. ఇప్పుడు ఈ కంట్లో మనిషొచ్చి నిలబడినాడని తెలస్తాది. నువ్వా, ఇంకొకడా అనేది నోరు తెరిస్తే తెలస్తాది. అంతే ఉండేది. ఇదీ పోతే?"

"అది దెబ్బ తగిలిన కన్నత్తా. ఇది పొర. రెండూ ఒకటి గాదని డాక్టరమ్మ సెప్పింది గదా."

"సెప్తాది. ఒక్క కన్నుతో ఉండేది ఆమెగాదు గదా." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ బల్లి పడకపోయుంటే మీకేం సెప్పాలో తెలీక సచ్చిపోయేదాన్ని. దేవుడు పంపించినట్టొచ్చి పడింది."

లేచి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఒక రాయి తీసి ఏట్లో వేశాను. ఇంకొకటి వేశాను. ఆమె భయం తీసేయడానికి నా దగ్గర ఒక్క జోకు కూడా లేదు.

అప్పుడు గైడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పరిగెత్తుతూనే నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "రండి. అందరూ రండి. చప్పుడు చేయకండి."

ఏటికి పైన కొండ చరియ గొడుగులా ముందుకొచ్చిన చోట ఒక చీలిక ఉంది. లోపల చీకటి, చల్లదనం, గబ్బిలాల వాసన. గైడు టార్చి వెలుగును నేరుగా వేయకుండా పక్క గోడ మీద వేశాడు. ఆ వెలుతురులో ఉంది అది.

ఒక్కొక్కరుగా వంగి చూశాం. మండీ ఆయన చూసి, నోరు తెరిచి, మాట్లాడకుండానే మూసుకున్నాడు. ఆయన భార్య చెంపలు వేసుకుంది. నేను చూశాను. నా భార్య చూసి, పక్కకు జరిగి, తల్లిని ముందుకు నడిపించింది. గైడు ఆమె తలను తన చేత్తో వంచి చీలికకు ఎదురుగా పెట్టాడు.

"కనపడిందామ్మా?"

అత్త చాలాసేపు అలాగే వంగి ఉంది.

"లేదు నాయనా" అంది.

"అదో, ఎదురుగానే. చెయ్యి చాపితే తగిలేంత దూరం."

"నాకు గనపడదు నాయనా."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందాక తల్లి చూశానన్న బల్లి సంగతి ఏమిటో ఆమెకు అప్పుడర్థమైంది. నా వైపు తిరిగింది. నేను తల దించుకున్నాను.

"నువ్వు సెప్పు రా. ఎట్లుండాది?" అని అత్త నన్నే అడిగింది.

చెప్పాను. "అరచెయ్యి పొడుగుండాదత్తా. పసుపు కొమ్మును అప్పుడే అరగదీసినట్టు పచ్చగా ఉండాది. మన ఇంటి బల్లి మాదిరి పల్చగా లేదు, బాగా బలిసినాది. కాలి వేళ్ళ కొసల్లో ఒక్కోదానికీ చిన్న బిళ్ళ అతికించినట్టుండాది, వాటితో బండను పట్టుకోనుండాది. దాని పక్కన బండకు గుడ్లు అంటించి పెట్టుండాది. తెల్లగా, చొక్కా గుండీల మాదిరి. మన వైపే సూస్తా ఉండాది. గొంతు కాడ మాత్రం టిక్కుటిక్కుమని ఆడతా ఉండాది."

మధ్యలో ఒక్క వంకర మాట కూడా వేయలేదు. ఆమె తల వంచి విన్నది.

"నిజంగా ఉండాదా?"

"ఉండాది."

"మీ నాయన మింద ఒట్టు?"

"ఒట్టత్తా."

"ఇందాక గూడా ఇట్లే సెప్పినావు."

నా భార్య అందుకుంది. "ఉండాది మా. నేను గూడా సూస్తా ఉండాను."

"నువ్వు వాని పెండ్లానివి గదా మే."

"ఉండాదమ్మా" అన్నాడు గైడు.

"నీకు డబ్బులిచ్చినాము నాయనా. లేదని అంటావా?"

మండీ ఆయన ఏదో చెప్పబోతే భార్య ఆయన్ను గిల్లింది. అత్త నడుం నిటారు చేసి నిలబడింది. చీకట్లో ఆమె గొంతు కాస్త పెద్దదయింది.

"అందురూ సెప్పేవాళ్ళే. ఉండాదంటే ఉండాదనుకోవాల, లేదంటే లేదనుకోవాల. ఈ ఎగతాళోని నోటిని నమ్ముకోని ఎన్నాళ్ళు సూడాల నేను? నాకై నేను సూసుకోవద్దా?"

ఆ గొంతుకు బల్లి చీలికలోకి జారిపోయింది. గైడు టార్చి ఆర్పేశాడు. తిరిగి జీపు దాకా నడిచాం. అత్త ఈసారి కూతురి భుజం కాదు, నా భుజం పట్టుకుంది. పట్టుకున్న చేతికి ఎంత బలముందో నా భుజానికే తెలుసు.

జీపు కదిలాక ఆమె అంది. "మే, ఆ డాక్టరమ్మకు ఫోన్ జెయ్. వస్తానని సెప్తా."

నా భార్య గబుక్కున ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. నేను నాది తీశాను. లేదు. మండీ ఆయన రెండు ఫోన్లు తీశాడు. రెండింటిలోనూ లేదు.

"ఎంత దూరం పోతే వస్తాది?" అని గైడును అడిగాను.

"చెప్పలేమన్నా. ఆ మలుపు దాటాక ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు."

ఆ మలుపు దాటాం. రాలేదు. నేను జీపులో లేచి నిలబడి, చేతిలో ఫోన్ పైకెత్తాను. కొమ్మ ఒకటి మొహాన కొట్టింది. పొద్దు కొండ అవతలికి వాలుతోంది. ఆస్పత్రి ఫోన్ దగ్గర కూర్చునే అమ్మాయి ఎన్నింటికి ఇంటికి పోతుందో మాకు తెలియదు. అంతకన్నా భయం ఇంకొకటి. అత్త ఒప్పుకున్న మాట వేడిగా ఉంది. ఈ గుంతల్లో, ఈ చల్లగాలిలో అది ఎంతసేపు నిలుస్తుంది? నేను ఏదన్నా ఒక మాట తేలిగ్గా అంటే చాలు, ఆమె దాన్ని పట్టుకుని వెనక్కి తిరిగిపోతుంది. అందుకని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. కూర్చుని లేచాను, లేచి కూర్చున్నాను.

మండీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా బావమరిదికి గూడా కంటి ఆపరేషనే. పాపం వానికి ఏమైందంటే..."

ఆయన భార్య మోచేతితో పొడిచిన చప్పుడు ఇంజను మోతలో కూడా నాకు వినపడింది.

"ఏమైంది?" అంది అత్త.

"ఏమీ గాలేదమ్మా" అన్నాడాయన పక్కటెముకలు రుద్దుకుంటూ. "బాగైపోయినాడు. ఇప్పుడు నేను బెల్లం తూకమేస్తా ఉంటే ముల్లు కాడే కూసోనుంటాడు, నాకే ఇబ్బంది."

అత్త ఏమనుకుందో తెలియదు. కర్రను రెండు చేతులతో పట్టుకుని ముందుకు చూస్తోంది. "ఏమబ్బా, గమ్మునుండావు? నోరు పడిపోయిందా?" అని నన్నడిగింది. ఆమె అలా అడిగాక కూడా నేను మాట్లాడకుండా ఉన్నానంటే, నా భార్య ఇప్పటికీ నమ్మదు.

చెక్‌పోస్టు కనపడుతుండగా ఫోన్లో ఒక గీత లేచింది. నా భార్య నంబరు నొక్కింది. మోగింది. ఆగింది. మళ్ళీ నొక్కింది. గైడు అడక్కుండానే జీపు ఆపి ఇంజను ఆపేశాడు. అవతల ఎవరో ఎత్తారు. నా భార్య మాట్లాడబోతే అత్త చెయ్యి చాపింది.

"నాకియ్ మే. నేనే సెప్తా."

ఫోన్ చెవికి తలకిందులుగా పెట్టుకుంది. నా భార్య సరిచేసింది.

"అమ్మాయ్, నేనమ్మా, పుత్తూరు కాడ నుంచి, ఒంటికన్ను ముసలామె. ఆఁ, నేనే. సోమవారం వస్తా ఉండాను. వస్తాను మా, తప్పకుండా. పొద్దున ఏమీ తినకూడదా? తిననులే. తోడా? మా అల్లుడొస్తాడు." కొంచెం ఆగి విని, "ఆఁ, వాడే. వాణ్ని బయట కూసోబెట్టండి, లోపలికి రానియ్యొద్దండి" అంది.

అవతల నవ్వు నాకు కూడా వినిపించింది. అత్త నవ్వలేదు. ఫోన్ నా వైపు చాచింది. నా వైపు అంటే నా వైపు కాదు, నాకూ మండీ ఆయనకూ మధ్యనున్న ఖాళీ గాలిలోకి. నేను అక్కడికి జరిగి, ఇంతసేపూ అక్కడే కూర్చున్నట్టు అందుకున్నాను.

"జరిగినావు గదా?" అంది అత్త.

"జరిగినాను" అన్నాను.

"తెలస్తా ఉండాది లే" అని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, "పోనీ నాయనా బండిని" అంది గైడుతో.